ఆ టప్పా హిందీ కాదు, పంజాబీ

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం జరిగిన హిందుస్తానీ కచేరీ మీద మీరు వేసిన సమీక్ష చదివాను. ఆ కచేరీకి నేనూ వెళ్లాను. చివర్లో గాయని కాఫీ రాగంలో పాడిన టప్పాను (వేగంగా గమకాలు దొర్లించే ఒక హిందుస్తానీ పాట తీరు) సమీక్షకులు ‘హిందీ పాట’ అని రాసేశారు. అది పంజాబీ. టప్పాకు పేరు తెచ్చిన షోరీ మియాఁ ఉన్నది లక్నోలోనే అయినా పాటలు కట్టింది పంజాబీలో. ఆ సంగతి పోతే సగం పాట పోయినట్టే.

నేను రైల్వేలో ఉండగా నాందేడ్‌లో ఆరేళ్లు పనిచేశాను. నైట్ డ్యూటీ దిగి సచ్‌ఖండ్ గురుద్వారాకి వెళ్లి ఓ మూల కూర్చునేవాణ్ణి. ఆ వేళకి ‘ఆసా ది వార్’ అనే సిక్కుల పొద్దుటి కీర్తన సాగుతూ ఉండేది, ఆసా రాగంలో. అక్కడ కీర్తనలు పాడే ఒక పెద్దాయన నన్ను రోజూ చూసి, ఓసారి గుర్ముఖీ (పంజాబీ రాసే లిపి) పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించారు. ప్రతి పాట తలమీద ముందు రాగం పేరు, ఆ తర్వాతే కవి గుర్తు. లోపల ఒక పాదం పక్కన ‘రహావు’ అని ఉంటుంది. అచ్చులో అది నడుమ ఉన్నా పాటలో మాత్రం దాన్నే ముందు ఎత్తుకుంటారు, మళ్లీ మళ్లీ దానికే వస్తారు. మన పల్లవే కదా! నాకు తాళ్లపాక రాగిరేకులు గుర్తొచ్చాయి. అక్కడా ప్రతి కీర్తనకీ రాగం పేరు చెక్కి ఉంటుంది. గురునానక్ పుట్టిన 1469లో అన్నమయ్య ఇంకా పాడుతూనే ఉన్నాడు.

ఆ పెద్దాయనే నానక్ హారతి పాట ‘గగన్ మై థాల్’ అర్థం చెప్పారు. ధనాసరి రాగం. ఆకాశం పళ్లెం, సూర్యచంద్రులు దీపాలు, చుక్కలు ముత్యాలు. అప్పటిదాకా రాగం మాత్రమే విన్న నాకు ఆ రోజు కళ్లు చెమర్చాయి.

హిందుస్తానీ గాయకుడు బడే గులాం అలీ ఖాన్ గారు 1902లో పుట్టిన పంజాబ్‌లోని కసూర్ ఊళ్లోనే (ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది) పంజాబీ సూఫీ కవి బుల్లే షా దర్గా ఉంది. ఖాన్ గారు 1968లో కన్నుమూసింది మన హైదరాబాద్ బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో. అలాంటి నగరంలో పంజాబీని పంజాబీ అనకపోతే ఎలా?

ఇకపై రాగం, తాళం రాసేచోటే పాట భాష, పల్లవి అర్థం కూడా ఒక్క లైను వేయించండి. అర్థం తెలియకపోతే అమీర్‌పేట గురుద్వారాలో అడిగితే చెప్తారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, సికింద్రాబాద్