షేర్ ఆటోలకు రేటు బోర్డు ఎందుకు ఉండదు?

సంపాదకులకు నమస్కారాలు.

కర్నూలులో పొద్దున తొమ్మిది గంటల వేళ సి.క్యాంపు కూడలిలో నిలబడినవారికి వాహనం దొరకదన్న బాధ లేదు. ఆటో వెంట ఆటో వస్తూనే ఉంటుంది. అది ఎక్కడి దాకా పోతుందో, ఎంత తీసుకుంటుందో, ఎక్కడ ఆపుతుందో, ఎందరిని ఎక్కించుకున్నాక కదులుతుందో మాత్రం ఎక్కేముందు తెలియదు. నగర రవాణా గురించి మీ పత్రికకు ఉత్తరాలు రాసేవారు సాధారణంగా కొత్త బస్సులు కావాలని కోరుతుంటారు. ఆ కోరికను నేను కాదనను. అయితే ఆ బస్సులు వచ్చేలోగా, పెద్ద ఖర్చేమీ లేకుండా, ఇప్పుడు తిరుగుతున్న షేర్ ఆటోలకే ఒక కట్టుబాటు ఏర్పాటు చేయమని సంబంధిత అధికారులను కోరడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

కల్లూరు నుంచి రాజ్ విహార్ సెంటర్ దాకా పొద్దున ఒక రేటు ఉంటుంది, సాయంత్రం ఇంకొకటి ఉంటుంది. నాలుగు చినుకులు పడితే మూడో రేటు పుడుతుంది. చేతిలో సంచి ఉంటే ఆ సంచికీ ఎంతో కొంత ఇవ్వవలసి వస్తుంది. తెల్లవారుజామున హైదరాబాద్ బస్సులు బస్టాండుకు చేరే సమయానికైతే షేర్ అన్న మాటే వినిపించదు, అడిగిన ప్రతివారూ ‘స్పెషల్’ అనే చెబుతారు. రోజూ తిరిగేవారు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. వారు ఎక్కేటప్పుడు రేటు అడగరు. దిగి, తమకు తెలిసిన మొత్తాన్ని సరిగ్గా చిల్లరతో సహా డ్రైవరు చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా నడిచిపోతారు. అడిగినవారు ఊరికి కొత్త అని తెలిసిపోతుంది, వారికి ఐదు రూపాయలో పదో ఎక్కువ పడుతుంది. ఎందుకని ప్రశ్నిస్తే “గ్యాస్ రేటు చూడన్నా” అన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది. ఆ మాటలో నిజం లేకపోలేదు గానీ, గ్యాస్ రేటు కొత్తవారికి మాత్రమే పెరగదు కదా!

ఇక కూర్చునే తీరు. ప్రయాణికుల ఆటోకు సాధారణంగా డ్రైవరు కాక ముగ్గురికే అనుమతి. మన నగరంలో వెనుక సీటులో నలుగురు, వారికి ఎదురుగా బిగించిన చెక్క మీద ఇద్దరు ముగ్గురు, డ్రైవరుకు అటొకరు ఇటొకరు కూర్చుంటే గానీ బండి కదలదు. డ్రైవరు పక్కన కూర్చున్నవారికి సగం శరీరమే సీటు మీద ఉంటుంది, మిగిలిన సగం రోడ్డు మీద వేలాడుతుంది. ఎదురుగా బస్సు వచ్చినప్పుడల్లా మోకాలు లోపలికి లాక్కోవాలి. చెక్క మీద కూర్చున్న స్త్రీలు ఎదుటివారి మోకాళ్ళు తగలకుండా చేతిసంచిని అడ్డం పెట్టుకుని, ఒక చేత్తో పైకమ్మీ పట్టుకుని ప్రయాణిస్తారు. అప్పటికీ “జరగండి పెద్దాయనా, ఇంకొకరు పడతారు” అన్న పిలుపు ఆగదు.

దీనికి చట్టం లేదా అంటే, ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194ఎ సెక్షన్ ప్రకారం అదనంగా ఎక్కించుకున్న ఒక్కొక్క ప్రయాణికుడికి 200 రూపాయల జరిమానా విధించవచ్చు. ఆ సెక్షన్‌లోనే మరొక మాట కూడా ఉంది. అదనపు ప్రయాణికులను దింపి, వారికి వేరే వాహనం ఏర్పాటు చేసిన తర్వాతే ఆ బండిని కదలనివ్వాలి. ఆచరణలో మొదటి సగమే జరుగుతోంది. తనిఖీలో బండి ఆపుతారు, డ్రైవరు పక్కకు వెళ్ళి ఏదో మాట్లాడి వస్తాడు, దిగమన్నవారు ఎండలో రోడ్డు పక్కన నిలబడతారు. వారికి వేరే వాహనం ఏర్పాటు చేయడం నేను చూడలేదు. ఎక్కించుకున్న తప్పు ఒకరిదైతే, ఎక్కినవారికి శిక్ష పడుతోందన్నమాట.

మరొక విషయాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించాలి. 2025 ఆగస్టు 15న రాష్ట్ర ప్రభుత్వం స్త్రీ శక్తి పథకాన్ని ప్రారంభించింది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులతో పాటు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ మహిళలు గుర్తింపు కార్డు చూపించి సున్నా చార్జీ టికెట్టుతో ప్రయాణించవచ్చు. మంచి పథకం, మా ఇంట్లోవారూ ఉపయోగించుకుంటున్నారు. కానీ ఆదోని నుంచో ఎమ్మిగనూరు నుంచో ఒక తల్లి బిడ్డను తీసుకుని కర్నూలు ప్రభుత్వాసుపత్రికి బయలుదేరిందనుకుందాం. బస్టాండు దాకా ఆమెకు రూపాయి ఖర్చు కాదు. బస్టాండు గేటు దాటి ఆసుపత్రి గేటు చేరడానికి మాత్రం ఆటోవారు ఎంత చెబితే అంత ఇచ్చుకోవాలి. విజయవాడలోనో విశాఖపట్నంలోనో ఉండే స్త్రీ అదే పథకం కింద సిటీ బస్సెక్కి పేట నుంచి పేటకు ఉచితంగా తిరగగలదు. ఒక పేట నుంచి మరో పేటకు షేర్ ఆటోయే దిక్కయిన మన నగరంలో, ఇళ్ళల్లో పనిచేసేవారికి, బట్టల దుకాణాల్లో నిలబడి ఉద్యోగం చేసే అమ్మాయిలకు, నంద్యాల రోడ్డు కాలేజీలకు వెళ్ళే విద్యార్థినులకు ఆ హక్కు ఊరి పొలిమేర దాటితే గానీ పనికిరావడం లేదు. జీతంలో ఆటో చార్జీల వాటా ఎంతో వారినే అడిగి చూడండి.

ఆటో డ్రైవర్లను దొంగలుగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. బండి మీద ఫైనాన్సు వాయిదా, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, స్టాండు ఖర్చులు పోను ముగ్గురితో నడిపితే ఏమీ మిగలదని వారు చెప్పే లెక్క అబద్ధం కాకపోవచ్చు. అసలు చిక్కు వేరే చోట ఉంది. చట్టం దృష్టిలో ఆటో కాంట్రాక్టు వాహనం, అంటే మొత్తం బండిని ఒకరు మాట్లాడుకుని వెళ్ళాలి. దారి పొడవునా ఒక్కొక్కరినీ ఎక్కించి దింపే పని బస్సుల వంటి స్టేజి వాహనాలది. ఈ లెక్కన షేర్ ఆటో అనేది కాగితం మీద లేనే లేదు. లేనిదానికి రేటు ఎవరు నిర్ణయిస్తారు, స్టాపు ఎవరు గీస్తారు? అందరికీ తెలిసి నడుస్తున్నదాన్ని ఎవరికీ తెలియనట్లు వదిలేయడం అధికారులకు సౌకర్యంగానే ఉన్నట్లుంది.

చేయదలుచుకుంటే దారి లేకపోలేదు. చార్జీల విషయంలో ఆదేశాలిచ్చే అధికారం అదే చట్టంలోని 67వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. పైగా ‘ఆటో డ్రైవర్ల సేవలో’ పథకం కింద 2025 అక్టోబరులో ప్రభుత్వమే అర్హులైన ఒక్కొక్క డ్రైవరు ఖాతాలో 15,000 రూపాయలు జమ చేసింది. అంటే ఎవరు ఏ బండి నడుపుతున్నారో వివరాలు ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. ఆ సాయం పొందే ప్రతి ఆటోలోనూ ప్రయాణికుడికి కనిపించేటట్లు రేటు పట్టిక అంటించాలని ఒక షరతు పెడితే అదనంగా ఖర్చయ్యేది కాగితమే. పట్టిక తయారు చేసేటప్పుడు డ్రైవర్ల సంఘాలను పిలిచి మాట్లాడాలి. గిట్టుబాటు కాని రేటు రాసి, పాటించలేదని జరిమానాలు వేస్తే ఆ పట్టిక వారం కూడా నిలవదు.

నీడ గురించి వేరుగా చెప్పనక్కరలేదు. నలభై డిగ్రీలు దాటే ఊళ్ళో నిలబడే చోట రేకుల కప్పు వేయమని అడగవలసి రావడమే విచిత్రం. బళ్ళారి చౌరస్తా, రాజ్ విహార్, నంద్యాల చెక్‌పోస్టు వంటి చోట్ల ఆటోలు ఆగే స్థలాన్ని గీతలు గీసి చూపిస్తే, నడిరోడ్డు మీద బ్రేకు వేసి జనాన్ని ఎక్కించుకోవడమూ తగ్గుతుంది. 1956లో రాజధాని తరలిపోయిందన్న బాధ మా తరం వారిలో ఇంకా అక్కడక్కడా వినిపిస్తుంది. ఇంత నగరంలో ఒక్క రేటు బోర్డు లేదన్న బాధ మాత్రం ఎవరి నోటా వినలేదు.

2023లో కేంద్రం ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవ పథకం కింద మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాలకు విద్యుత్ బస్సులకు అర్హత ఉంది. సరైన బస్సు వ్యవస్థ లేని చోట్లకు ప్రాధాన్యం ఇస్తామనీ అందులో చెప్పారు. 2011 లెక్కల్లోనే నాలుగు లక్షలు దాటిన కర్నూలుకు ఆ అర్హత నిస్సందేహంగా ఉంది. నగరంలో ఆ బస్సులు తిరిగే దారులను నిర్ణయించేటప్పుడు బస్టాండు, ప్రభుత్వాసుపత్రి, కలెక్టరేట్, కర్నూలు సిటీ రైల్వే స్టేషన్లను ఒకే దారిలో కలపాలని మనవి.

రేటు బోర్డుల పని అంతవరకూ ఆగనక్కరలేదు. మొదటి బోర్డు ప్రభుత్వాసుపత్రి గేటు ఎదుట పెట్టండి. అక్కడ ఆటో కోసం నిలబడేవారిలో చాలామంది ఊరికి కొత్తవారు, ఆ సమయంలో బేరమాడే స్థితిలో లేనివారు.

ఇట్లు,
ఒక ప్రయాణికుడు,
కల్లూరు, కర్నూలు.