మన చేలో సోయా, మన పిల్లల కంచంలోకి: మహిళా సంఘం వార్షిక నివేదిక 2025-26

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు మన సంఘం చేసిన పనులను ఈ సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. పొదుపు ఖాతాలు, కుట్టు శిక్షణ, బతుకమ్మ ఏర్పాట్ల జమాఖర్చులు జతచేసిన పట్టికల్లో ఉన్నాయి కాబట్టి ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఏడాదంతా మన సమయం ఎక్కువగా తీసుకున్న పని, వచ్చే ఏడాది కూడా మీ అందరి సాయం కావలసిన పని ఒక్కటే. మన చేలల్లో పండే సోయాను మన ఇళ్లలో వండించడం.

ఆదిలాబాద్‌లో పత్తి తర్వాత మనం ఎక్కువగా వేసేది సోయానే. జూన్‌లో వానలు పడగానే విత్తుతాం, దసరా అటూ ఇటూగా కోసి, నూర్చి మార్కెట్‌కు తోలుతాం. ఆ గింజలో ఐదో వంతు దాకా నూనె ఉంటుంది. మిల్లువాళ్లు నూనె తీసుకున్నాక మిగిలే చెక్కలోనే మాంసకృత్తులన్నీ ఉంటాయి, ఆ చెక్క చాలావరకు కోళ్ల దాణాలోకి పోతుంది. మరోపక్క 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంత బలమైన గింజను పండించే ఊళ్లో పిల్లలు ఇలా ఉండటం నాకు అస్సలు మింగుడుపడదు.

సోయాతో పిల్లల తిండికి బలం చేకూర్చాలన్నది పాత ఆలోచనే. 1960ల నుంచి అమెరికా ఆహార సాయంలో మొక్కజొన్న, సోయా కలిపిన పిండి చాలా దేశాలకు వెళ్లింది. కేర్ అనే అంతర్జాతీయ సహాయ సంస్థ ద్వారా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలకూ అలాంటి పిండి వచ్చేది. ఆఫ్రికాలోని మలావీలో మొక్కజొన్నకు సోయా కలిపి 'లికుని ఫాలా' అనే జావ చేసి పిల్లలకు పెడతారు. ఓడలో వచ్చే పిండి ఓడ ఆగితే ఆగిపోతుంది. ఊళ్లో పండిందాన్ని ఊళ్లోనే గిర్నీ పట్టించుకుంటే ఎవరి దయా అక్కర్లేదు. మన సంఘం ఈ రెండో దారినే పట్టింది.

ఎంచుకున్న పద్ధతి సులువైనది. తొమ్మిది కిలోల జొన్నలకో గోధుమలకో ఒక కిలో సోయా కలిపి పిండి పట్టించడం. జొన్నపిండిలో మాంసకృత్తులు 10 శాతం, సోయా గింజలో 36 నుంచి 38 శాతం. కలిపితే 12 శాతం దాటుతుంది, అంటే దాదాపు పావు వంతు పెరిగినట్టు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. జొన్నల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం బాగా తక్కువ, సోయాలో అది పుష్కలం. సోయాలో తక్కువగా ఉండే మెథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లాన్ని ధాన్యం కొంతవరకు పూడుస్తుంది. అందుకే ఉత్త జొన్నరొట్టె కన్నా రెండూ కలిసిన రొట్టె ఒంటికి బాగా పడుతుంది.

అయితే సోయాను పచ్చిగా పిండి పట్టించకూడదు. ఈ మాట ప్రతి సమావేశంలోనూ చెప్పాం, ఇక్కడా చెబుతున్నాను. పచ్చి గింజలో మాంసకృత్తుల అరుగుదలను అడ్డుకునే ట్రిప్సిన్ నిరోధకాలు ఉంటాయి. బాగా ఉడికితేనే వాటి బలం పోతుంది. అందుకే గింజల్ని కడిగి, మరుగుతున్న నీళ్లలోనే వేసి, 20 నుంచి 25 నిమిషాలు ఉడికించి, వార్చి, ఎండలో గలగలమనేదాకా ఆరబెట్టాలి. చన్నీళ్లలో వేసి కాచకుండా మరిగే నీళ్లలోనే వేయమనడానికి ఇంకో కారణం ఉంది. 'పచ్చివాసన, మావాళ్లు తినరు' అని మొదట్లో చాలామంది అక్కలు అన్నారు కదా, ఆ వాసన పుట్టించే ఎంజైమ్ వేడి తగలగానే పనిచేయడం మానేస్తుంది. ఇలా చేసిన పిండితో కాల్చిన రొట్టెలు సంఘం ఆఫీసులో పంచినప్పుడు తేడా చెప్పలేకపోయినవాళ్లే ఎక్కువ. సోయా ఒక్కదాన్నే గిర్నీలో పోస్తే నూనెకు రాయి పట్టేస్తుంది, ధాన్యంతో కలిపే పోయాలి. పిండి ఎక్కువ రోజులు ఉంటే సిక్కు వాసన వస్తుంది కాబట్టి పదిహేను రోజులకు సరిపడానే పట్టించుకోండి.

మీల్ మేకర్ గురించి చాలామంది అడిగారు. అది నూనె తీసిన సోయా పిండితో చేసిందే. ప్యాకెట్ మీద నూరు గ్రాములకు మాంసకృత్తులు 50 గ్రాముల పైన అని రాసి ఉండేది ఎండు బరువుకు. నానబెట్టి పిండాక బరువు మూడింతలు దాకా అవుతుంది. మనిషికి పాతిక గ్రాముల ఎండు మీల్ మేకర్ కూరలో వేస్తే సుమారు రెండు గుడ్లలో ఉన్నన్ని మాంసకృత్తులు అందుతాయి. గిర్నీ దాకా వెళ్లలేని ఇళ్లకు ఇది మంచి మార్గమే.

కొన్ని ఇళ్లలో 'సోయా తింటున్నాం కదా, ఇక గుడ్డెందుకు' అన్న మాట వినిపించింది. అది చాలా తప్పు. సోయాలో బి12 విటమిన్ ఉండదు. గింజలోని ఇనుమును కూడా అందులోనే ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు ఒంటికి సరిగా పట్టనివ్వవు. కాబట్టి గర్భిణులు, బాలింతలు అంగన్‌వాడీలో ఇచ్చే ఆరోగ్యలక్ష్మి భోజనంలోని గుడ్డు, పాలు, ఐరన్ మాత్రలు మానకూడదు. పప్పు మానకూడదు. కూరలో నిమ్మకాయ పిండుకోవాలి. ఆరు నెలలలోపు బిడ్డకు తల్లిపాలు తప్ప సోయా పాలు సహా మరేదీ పెట్టొద్దు. సోయా తిన్నాక ఒంటిమీద దద్దుర్లు వచ్చినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆపేసి డాక్టర్‌కు చూపించండి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రకూ సోయాకూ మధ్య ఎంత వ్యవధి ఉండాలో తమ డాక్టర్‌ను అడగాలి.

ధర సంగతికొస్తే, 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాల్‌కు 5,328 రూపాయలు, అంటే కిలో 53 చిల్లర. మన చేతికి ఆ ధర కూడా రాని రోజులు అందరికీ తెలుసు. కందిపప్పు కన్నా ఒకటిన్నర రెట్లకు పైగా మాంసకృత్తులున్న గింజను అంత చవగ్గా అమ్మేసి, ఆ డబ్బుతో పిల్లలకు బిస్కెట్ ప్యాకెట్లు కొంటున్నాం. నెలకు 20 కిలోల పిండి వాడే ఇంటికి ఏడాదికి కావలసిన సోయా 24 కిలోలే. అందుకే ఈ పంట మార్కెట్‌కు తోలేముందు ప్రతి ఇల్లూ పావు క్వింటాల్ విడిగా ఉంచుకోవాలన్న తీర్మానాన్ని మీ ఆమోదానికి పెడుతున్నాం. భూమి లేని సభ్యులకు సంఘమే కొని అసలు ధరకే ఇస్తుంది.

ఇంకో తీర్మానం విత్తనం గురించి. ఇండోర్‌లోని సోయా పరిశోధన సంస్థ ట్రిప్సిన్ నిరోధకాల్లో ముఖ్యమైనది లేని ఎన్‌ఆర్‌సీ 127 రకాన్ని విడుదల చేసింది. సిఫారసు చేసిన ప్రాంతాల్లో మన పక్కనున్న విదర్భ కూడా ఉంది. మన నేలకు అది సరిపోతుందో లేదో కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడిగి, వాళ్లు సరేనంటేనే కొద్ది విస్తీర్ణంలో వేసి చూద్దాం. అడగడానికి వెళ్లే బృందంలో చేరాలనుకునే రైతు సభ్యులు సమావేశం ముగిసేలోపు కోశాధికారి దగ్గర పేర్లు రాయించుకోగలరు.

కార్యదర్శి