గిన్నె ఖాళీ చెయ్యి బాబూ

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి.

ఒరే బావా,

వందనాలు. నువ్వు మొన్న రాత్రి రెండు గంటలకి పెట్టిన మెసేజ్ పొద్దున్న లేచాక చూశాను. వెంటనే ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ ఫోన్లో అయితే నువ్వు "ఏం లేదులే, బాగానే ఉన్నాం" అంటావు, నేను "దేవుడున్నాడులే" అంటాను, అక్కడితో అయిపోతుంది. అందుకే అందరూ పడుకున్నాక కాగితం పట్టుకుని కూర్చున్నాను. ఎంత పొడుగైతే అంత పొడుగు రాస్తాను, ఓపిగ్గా చదువుకో.

షాపు మూసేశావంటే ఇంకా నమ్మబుద్ధి కావడం లేదురా. కుంభం అంచు పట్టుచీర మడత విప్పి, రెండు చేతుల మీద పరిచి, "ఇది బరంపురం చేతి నేత అమ్మా, పట్టుకుని చూడండి" అని నువ్వు చెప్పే తీరు నా కళ్ళలో ఉంది. చెల్లెమ్మ గాజులు బ్యాంకులో పెట్టడం, అద్దె బాకీ, సప్లయర్ల ఫోన్లు, అన్నీ చదివాను. వాటి సంగతి తర్వాత మాట్లాడుకుందాం. నన్ను కుదిపేసింది చివర్లో నువ్వు రాసిన మాట. "మోకాళ్ళ మీద కూర్చుంటే మాట రావడం లేదు బావా, ప్రార్థన మానేశాను, నాలో విశ్వాసం చచ్చిపోయిందేమో" అన్నావు.

నాకూ అలాగే అయిందిరా, తిత్లీ తుఫాను అప్పుడు. ఇన్నేళ్ళలో నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

2018 అక్టోబరు 11, గురువారం. తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లవారుజామున గాలి మా వీధి తలుపు మీద పడింది. గడియ అప్పటికే ఊడిపోయింది. నేనూ తమ్ముడూ తలుపుకి భుజాలు ఆనించి నిలబడ్డాం. మీ అక్క బియ్యం బస్తా లాక్కొచ్చి కింద అడ్డం పెట్టింది. గాలి తోసినప్పుడల్లా తలుపు అరచెయ్యంత తెరుచుకుని వాన లోపలికి కొట్టేది, మళ్ళీ నెట్టేవాళ్ళం. నా భుజం తిమ్మిరెక్కితే తమ్ముడు నా చోట్లోకి జరిగేవాడు. వాడి కాళ్ళు జారిపోతుంటే నేను వెళ్ళేవాణ్ణి. ఒక్కణ్ణే అయితే పావుగంట కూడా ఆపలేకపోదును. చివరికి గాలి తగ్గింది, తలుపు నిలబడింది.

తోట మాత్రం నిలబడలేదు. నాన్న పాతిన జీడిచెట్లు వేళ్ళు పైకి తేలి, ఎర్రమట్టి గడ్డలతో సహా పక్కకి ఒరిగిపోయి ఉన్నాయి. విరిగిన కొమ్మల పచ్చి జిగురు వాసన నాలుగు రోజులు పోలేదు. కొండల మీద ఇంకా ఘోరం. బరఘర ఊళ్ళో కొండచరియ విరిగిపడి జనం పోయారు. వాళ్ళతో పోలిస్తే మాకు పోయింది చెట్లే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అలా చెప్పుకుంటే బాధ తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు, పైగా బాధపడుతున్నందుకు సిగ్గు కూడా వచ్చి చేరింది. నువ్వు కూడా "నాకన్నా కష్టాల్లో ఉన్నవాళ్ళు లేరా" అని రాశావు. ఆ లెక్క వెయ్యకురా.

మూడు రోజులకి ఆదివారం వచ్చింది. గుడి రేకులు ఎగిరిపోయాయి, చాపలు తడిసి ముద్దయ్యాయి. ఆకాశం కింద నిలబడి ఆరాధన చేశాం. పాస్టరు అయ్యగారు ప్రసంగం చెయ్యలేదు. ఒక కీర్తన చదివి, పాట ఎత్తుకున్నారు. తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారి పాట. ఆయన 1803లో మన పర్లాకిమిడి పక్కనే పుట్టినవాడని చిన్నప్పుడు సండే స్కూల్లో చెబితే మనిద్దరం ఎంత గర్వపడ్డామో గుర్తుందా? ఆ పాట నాకు నోటికొచ్చు. అయినా గొంతు పెగల్లేదు. నోరు తెరిచాను, గాలి వచ్చింది గానీ మాట రాలేదు. నా అటుపక్క నిలబడ్డ ముసలాయన పాడుతున్నాడు, ఇటుపక్క పిల్లలు పాడుతున్నారు. నేను ఊరికే నిలబడ్డాను. తర్వాత రెండు నెలలు అసలు గుడికే వెళ్ళలేదు.

ఆ రెండు నెలల్లోనే ఒకసారి బలవంతాన నన్ను ఒక కూటానికి తీసుకెళ్ళారు. అక్కడి బోధకుడు నష్టపోయినవాళ్ళని లేచి నిలబడమన్నాడు. "ఇంట్లో దాచిన పాపం ఏదో ఉంది, అందుకే తోట పోయింది, ఒప్పుకోండి" అన్నాడు. మీ అక్క నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేసింది. ఆ మాట నాకు చాలాకాలం ముల్లులా గుచ్చుకుంది బావా. నీకు కూడా ఎవరో "కానుక సరిగ్గా ఇవ్వనందుకే వ్యాపారం పోయింది" అన్నారని రాశావు కదా, అది చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. యోబు గ్రంథం తీసి చూడు. ఆస్తీ పిల్లలూ పోయిన యోబు దగ్గరికి స్నేహితులు ముగ్గురూ వచ్చి ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద మాట్లాడకుండా కూర్చున్నారు. అప్పటిదాకా ఎంత మంచివాళ్ళు! నోరు తెరిచి "నువ్వేదో తప్పు చేసే ఉంటావు" అని మొదలెట్టాకే చెడింది. చివరికి దేవుడు కోప్పడింది యోబు మీద కాదు, ఆ ముగ్గురి మీదే. అన్ని కేకలు వేసిన యోబే సరిగ్గా మాట్లాడాడన్నాడు.

ఇంక అసలు విషయం చెబుతాను. మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉంది, కొండల మీది సవర తెగ ఆవిడ. తెలుగు ముక్కలు ముక్కలుగా మాట్లాడుతుంది. తన ఇంటి కప్పు కూడా పోయింది, టార్పాలిన్ కట్టుకుని ఉంటోంది. ఆవిడ రోజూ సాయంత్రం మూత పెట్టిన అల్యూమినియం గిన్నెలో చోడి అంబలి, అదే రాగి అంబలి, తెచ్చేది. అరుగు మీద నా ముందు పెట్టి, స్తంభానికి ఆనుకుని కూర్చునేది. వాక్యం చెప్పదు, ప్రార్థన చెయ్యదు, "దిగులు పడకు" అని కూడా అనదు. నేను సగం తాగి పక్కన పెడితే మాత్రం, "గిన్నె ఖాళీ చెయ్యి బాబూ, నేను ఇంటికి పట్టుకెళ్ళాలి" అనేది. ఆవిడకి ఉన్నది ఆ ఒక్క గిన్నె. అందుకోసం తాగేవాణ్ణి. పది పన్నెండు రోజులకి ఒక రాత్రి మధ్యలో మెలకువ రాకుండా నిద్రపోయాను. తుఫాను తర్వాత అదే మొదటిసారి.

ఏలీయా ప్రవక్త కథ మనం ఎన్నిసార్లు విన్నాం! కర్మెలు కొండ మీద అగ్ని దిగిన దగ్గరే పిల్లలకి చెబుతారు, ఆ తర్వాతిది చెప్పరు. యెజెబెలు రాణి చంపుతానంటే అరణ్యంలోకి పారిపోయి, బదరీవృక్షం కింద కూర్చుని "ఇక చాలు, నా ప్రాణం తీసుకో" అన్నాడు, నిద్రపోయాడు. దేవదూత వచ్చి ఏమన్నాడు? "నీ విశ్వాసం ఏమైంది?" అనలేదు. లేచి తినమన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, ఒక బుడ్డిలో నీళ్ళు. తిని మళ్ళీ పడుకున్నాడు, పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు. ప్రయాణం నీ శక్తికి మించినదన్నాడు. హోరేబు కొండకి నలభై రోజుల నడక, అక్కడ దేవుడి స్వరం, అదంతా తర్వాత. ముందు రొట్టె, నీళ్ళు, నిద్ర. అంబలి గిన్నె తర్వాతే ఈ అధ్యాయం నాకు అర్థమైంది బావా.

మనకి బంగారు వాక్యంగా నేర్పారే, శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను కలుగజేస్తుందని. పౌలు రోమా సంఘానికి రాసింది. నేను ఆ ఓర్పుని పళ్ళు బిగబట్టడం అనుకునేవాణ్ణి. ఎవడికి వాడు, ఒంటరిగా. అక్కడ ఉన్న గ్రీకు మాట హుపొమొనే అనీ, దాన్ని విడదీస్తే "కింద నిలిచి ఉండటం" అని వస్తుందనీ అయ్యగారు ఒకసారి చెప్పారు. వినగానే నాకు మా వీధి తలుపు గుర్తొచ్చింది. భుజం మార్చుకుంటూ నిలబడటం. ఆ ఆదివారం నాకు గొంతు రాకపోతే పాట ఆగలేదు కదా, నా వంతు కూడా వాళ్ళే పాడారు. ఇప్పుడు నీ గొంతు పోయింది. కొన్నాళ్ళు మేం పాడతాం, నువ్వు ఊరికే నిలబడు. నా గొంతు పోయే వంతు మళ్ళీ వస్తుంది, నాకు తెలుసు.

నీకు ఏదో ఒకటి చదవాలనిపిస్తే 88వ కీర్తన చదువు. అందులో చివరికి కూడా వెలుగు రాదు, చీకటితోనే ముగుస్తుంది. దాన్ని కూడా బైబిల్లో ఉంచారంటే, చీకట్లో నుంచి అరిచిన అరుపూ ప్రార్థనే కదా? రాత్రి రెండింటికి నువ్వు నాకు పెట్టిన మెసేజ్ ఆ కీర్తన లాగే ఉంది. అది ప్రార్థన కాదని ఎవరన్నారు నీతో?

ఇంకోమాట. నెలన్నర నుంచి నిద్ర లేదని రాశావు. డాక్టరుకి చూపించుకో. మందు వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టు అనుకోకు. తన శిష్యుడు తిమోతి కడుపు నొప్పికి కూడా పౌలు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు, మర్చిపోయావా?

తోట సంగతి కూడా చెప్పేస్తాను. 2019 వానల్లో అరవై అంటుమొక్కలు పాతాం. పద్నాలుగు చచ్చిపోయాయి. రెండు వేసవులు గెడ్డ వాగు నుంచి బిందెలతో నీళ్ళు మోశాం. అంటు కట్టిన చోటు కింద నుంచి అడవి చిగుళ్ళు వస్తూనే ఉంటాయి. వాటిని వారం వారం గిల్లకపోతే మొక్క బలమంతా అవే లాగేస్తాయి. నాకు ఆ గిల్లడం చాతయ్యేది, ప్రార్థన ఇంకా చాతయ్యేది కాదు. మొక్కల మధ్య గొంతుక్కూర్చుని గిల్లుతూ గిల్లుతూ ఒకరోజు నాకు తెలీకుండానే ఆ ఆదివారం పాట కూనిరాగం తీస్తున్నాను. ఏ రోజో గుర్తు లేదు. మీ అక్క విని ఏమీ అనకుండా బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. 2022 ఎండాకాలంలో మొదటి కాపు వచ్చింది. చాలా కొంచెమే. నాన్న నాటి కాపు ఇప్పటికీ రాలేదు, వస్తుందో లేదో కూడా చెప్పలేను. నీ షాపు మళ్ళీ తెరుచుకుంటుందని కూడా నేను మాటివ్వలేను బావా. పౌలు ఎక్కిన ఓడ పద్నాలుగు రాత్రులు తుఫానులో కొట్టుకుపోయి చివరికి బద్దలైపోయింది. ఓడ దక్కలేదు. 276 మంది మాత్రం, కొందరు ఈదుకుంటూ, కొందరు చెక్కముక్కలు పట్టుకుని, అందరూ ఒడ్డుకి చేరారు.

గురువారం పొద్దున్న బస్సుకి నేనే బరంపురం వస్తున్నాను. రెండు రోజులుంటాను. షాపు లెక్కల పుస్తకాలు, బ్యాంకు కాగితాలు, సప్లయర్ల బిల్లులు అన్నీ ఒకచోట పెట్టి ఉంచు, కూర్చుని చూద్దాం. శుక్రవారం ఇద్దరం కలిసి బ్యాంకుకి వెళ్దాం, ఒక్కడివే వెళ్ళకు. ప్రార్థన చెయ్యమని నేను అడగను, నువ్వు మాట్లాడకపోయినా ఫర్వాలేదు.

చెల్లెమ్మని వంట పెట్టుకోవద్దని చెప్పు. మీ అక్క బుధవారం రాత్రికే చోడి పిండి నానబెడతానంది. పెద్ద క్యారేజీతో వస్తాను. క్యారేజీ తిరిగి పట్టుకెళ్ళాలి, అది మాత్రం గుర్తుంచుకో.

నీ బావ