చిన్నాకి, ఎడిటర్ విషయమై

పర్లాకిమిడి

చిరంజీవి చిన్నాకి అమ్మ ఆశీస్సులు.

ప్రోగ్రాములు రాసుకోవడానికి ఏ ఎడిటర్ నేర్చుకోమంటావని అడిగావు. ఫోన్లో తేలే విషయం కాదు, అందుకే రాస్తున్నాను.

ఆఫీసులో అందరూ మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎడిటర్ వీఎస్ కోడ్ వాడుతుంటే నువ్వూ వాడు. కోడ్ పూరించడం, తప్పులు చూపించడం ఒకప్పుడు ఎడిటర్‌కో రకంగా ఉండేవి. 2016లో మైక్రోసాఫ్ట్ లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ అనే ఉమ్మడి పద్ధతి తెచ్చాక ఆ పని వేరే ప్రోగ్రామ్ చేసిపెడుతోంది, విమ్, ఈమాక్స్ లాంటి పాత ఎడిటర్లకైనా అదే అందుతుంది. కాబట్టి పైథాన్ భాషకి ఏది మంచిదని చూడకు. ఎంతవరకు మార్చుకోనిస్తుందో చూడు, ఎన్నాళ్లు నిలుస్తుందో చూడు. 2014లో వచ్చిన ఆటమ్ అనే ఎడిటర్‌ని దాన్ని తయారుచేసిన గిట్‌హబ్ కంపెనీయే 2022 డిసెంబర్‌లో ఆపేసింది. జీఎన్‌యూ ఈమాక్స్ 1985 నుంచి ఉంది, ఇప్పటికీ కొత్త వెర్షన్లు వస్తున్నాయి.

నేను ఈమాక్స్ దగ్గరే ఎందుకు ఉండిపోయానో చెప్తాను. మన సంఘం జాబితాలో ప్రతి పేరూ తెలుగులోనూ ఒడియాలోనూ ఉండాలి కదా. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో మన క, ఒడియా క సరిగ్గా 256 స్థానాల తేడాలో ఉన్నాయి. మిగతా అక్షరాలు, గుణింతాలు కూడా చాలావరకు అంతే, ఎందుకంటే భారతీయ లిపుల కోసం చేసిన పాత ఇస్కీ కోడ్ వరసనే రెండు లిపులకీ తీసుకున్నారు. తెలుగు పేరులో ఒక్కో అక్షరం సంఖ్యలోంచి 256 తీసేస్తే ఒడియా పేరు వచ్చేస్తుంది! ఈమాక్స్‌ సొంత భాష ఈమాక్స్ లిస్ప్‌లో ఆ పనికి నాలుగు లైన్ల ఫంక్షన్ రాసి, చివరి బ్రాకెట్ పక్కన కర్సర్ పెట్టి, కంట్రోల్ ఎక్స్, కంట్రోల్ ఈ నొక్కాను. ఎడిటర్ మూసి తెరిచే పని లేదు, అప్పటికప్పుడే అందులో భాగమైపోయింది. వీఎస్ కోడ్‌లో అయితే దీనికీ ఒక ఎక్స్‌టెన్షన్ ప్రాజెక్టు మొదలుపెట్టాలి.

తేడాలు వాడుతుంటే తెలిశాయి. ఒడియాలో పొట్టి ఎ, ఒ లేవు. చెన్నమ్మ అని ఇస్తే చె దగ్గర ఖాళీ డబ్బా వచ్చింది. అందుకని ముందు వాటిని దీర్ఘాలు చేయించాను. బండి ఱ కూడా లేదు, దాని బదులు ర పెట్టాను. వాసుదేవ అనే పేరుని వాళ్లు బ తో రాస్తారు, అదీ చేర్చాను.

నీ సెట్టింగ్సూ అలాగే పెరగనీ. ఎవరిదో పెద్ద ఇనిట్ ఫైలు (ఈమాక్స్ సెట్టింగ్స్ ఉండే ఫైలు) దించి పెట్టుకోకు నాన్నా, ఏ కీ ఎందుకలా పనిచేస్తోందో నీకే అంతుపట్టదు. ఖాళీ ఫైలుతో మొదలుపెట్టు. చేసిన పనే మళ్లీ మళ్లీ చేస్తూ విసుగొచ్చినప్పుడు ఒక లైను చేర్చు, ఎందుకు చేర్చావో పైన కామెంట్ రాయి. ఏ కీ సంగతైనా తెలియకపోతే కంట్రోల్ హెచ్, కె నొక్కి ఆ కీ నొక్కు. దాని వెనక ఏ ఫంక్షన్ ఉందో వివరంగా చెప్తుంది.

తెలుగు, ఒడియా టైపింగ్ అందులోనే ఉంది, కంట్రోల్ బ్యాక్‌స్లాష్‌తో మారుతుంది. టెర్మినల్లో మాత్రం వద్దు, ఒత్తులు చెదిరిపోతాయి. విండోలోనే తెరువు.

సర్వర్లలోకి వెళ్లినప్పుడు ఎలాగూ విమ్‌కి మూలమైన వీఐ ఎడిటర్ తగులుతుంది. దాన్ని నేర్పే విమ్‌ట్యూటర్ పాఠం అరగంట పని, ఈ ఆదివారం చేసేయ్.

నా ఫంక్షన్ మెయిల్ చేస్తున్నాను. మీ భువనేశ్వర్ స్నేహితుల పేర్లతో నడిపి చూసి, ఎక్కడ తప్పుతోందో రాయి. దసరాకి పలాస వరకు రిజర్వేషన్ చేయించుకో, స్టేషన్‌కి నాన్న వస్తారు.

ప్రేమతో,
అమ్మ