ఆ ‘సిబ్బంది’ కచేరీ ఉద్యోగులు కారు

సంపాదకులకు నమస్కారం.

గుంటూరు, కృష్ణా జిల్లాల పాత చరిత్ర మీద వచ్చే వ్యాసాల్లో ఒక పొరపాటు పదే పదే కనిపిస్తోంది. ఈస్టిండియా కంపెనీ కాలపు కాగితాల్లో ‘సిబ్బంది’ అని ఉంటే కొందరు ఇప్పటి అర్థంలో ఉద్యోగులనుకుంటున్నారు. ఇంకొందరు ఏకంగా కంపెనీవారి మద్రాసు సైన్యమని రాసేస్తున్నారు. రెండూ తప్పే.

సిబ్బంది అంటే శిస్తు వసూలుకూ, కాపలాకూ స్థానికంగా చేర్చుకున్న కాల్బలం. పారసీలో ‘సిహ్’ అంటే మూడు. మూడు నెలలకోసారి జీతమిచ్చే పద్ధతి వల్ల ‘సిహ్‌బందీ’ అనే పేరు వచ్చిందని నిఘంటుకారులు చెబుతారు. నూర్పిడి అయ్యాక సర్కారు వాటా కొలిచేదాకా కళ్లంలో రాశి కదలకుండా ఈ సిబ్బంది చూడాలి. కిస్తు తప్పితే బకాయిదారు గుమ్మంలో బంటును కూర్చోబెట్టేవారు, వాడి బత్తెం కూడా ఆ రైతు నెత్తినే. ఈ ఏర్పాటులో లోపం జీతంలోనే ఉంది. వసూలైన శిస్తులోంచే జీతం రావాలి కాబట్టి, పంట పోయిన ఏడు సిబ్బందికీ బాకీ పడేది. ఆకలితో ఉన్న ఆయుధధారి ఊరికి రక్షణ కాదు, భయం.

మద్రాసు సైన్యపు బెటాలియన్ల సంగతి వేరు. వాటిని ఎక్కడికైనా పంపవచ్చు. 1780 అక్టోబరులో విశాఖపట్నంలో హైదర్ అలీతో యుద్ధానికి ఓడెక్కమంటే తిరగబడినవారు ఈ పటాలం సిపాయిలే, సిబ్బంది కాదు.

తేడా పట్టుకోవాలంటే ముందు జీతం ఏ పద్దులో ఉందో చూడాలి. రెవెన్యూ ఖర్చులో ఉంటే సిబ్బంది, సైనిక ఖర్చులో ఉంటే పటాలం. తర్వాత సంవత్సరం చూడాలి. 1766లో నిజాంతో ఒప్పందంతో ఉత్తర సర్కారులనే కోస్తా పరగణాలు కంపెనీకి దక్కినా, వాటిలో గుంటూరు సర్కారు మాత్రం నిజాం సోదరుడు బసాలత్ జంగ్ కింద ఉండిపోయి, 1788లో గానీ చేతికి రాలేదు. అంతకు ముందటి గుంటూరు సిబ్బందిని కంపెనీకి అంటగట్టకూడదు. 1802 శాశ్వత శిస్తు ఏర్పాటుతో జమీందార్ల పోలీసు అధికారాలు పోయాయి. 1859 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీలో వేరే పోలీసు శాఖ ఏర్పడింది. ఈ రెండు మలుపులూ దాటాక ఆ మాటకు పాత బరువు లేదు.

ఇంగ్లీషు రికార్డుల్లో సెబుండీ, సిబ్బెండీ, సెబుందీ అని తోచినట్టు రాశారు. ఒక్క వర్ణక్రమంతో వెతికితే చాలా కాగితాలు తప్పిపోతాయి. పైగా డార్జిలింగులో సెబుండీ సాపర్లని (సాపర్లంటే సైన్యంలో తవ్వకం, నిర్మాణం పనులు చేసేవారు) ఒక దళానికే పేరు పెట్టారు, దాన్ని మన జిల్లాలకు ముడిపెట్టకూడదు.

ఇకపై ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు, అది ఎవరి సిబ్బందో, ఏ సంవత్సరపు మాటో రచయిత చేత రాయించండి.

— స్థానిక చరిత్ర పాఠకులు, అరండల్‌పేట, గుంటూరు