మూల ఇల్లు పోయిందంటే వాడ పోయినట్టే

సంపాదకులకు,

పోయిన వారం మీ జిల్లా పేజీలో కొత్తవాడ, మట్టెవాడ దిక్కు గజం ధర ఎట్లా పెరుగుతున్నదో రంగుల బొమ్మలతో వేశారు. పాత వాడలకు కొత్త కళ వచ్చిందట. ఆ కళ చూడ్డానికి పాతవాళ్లు ఎంతమంది మిగులుతారో మాత్రం ఒక్క వాక్యం లేదు. ఎవరైనా జవాబు రాస్తారేమోనని ఇన్నాళ్లు చూశాను, ఎవరూ రాయలేదు.

ఒకసారి మామునూరు విమానాశ్రయం పేరు చెప్పి, ఇంకోసారి టెక్స్‌టైల్ పార్కు పేరు చెప్పి ధర పెంచుతారు. ఆ పెరిగిన ధర ఇల్లున్నవాడికి వచ్చేది ఒక్కసారే, అదీ ఇల్లు అమ్మితేనే. కిరాయికి ఉన్నవాడికి అదీ లేదు. మన నేతగాళ్లు నేసే వరంగల్ దర్రీలకు, అంటే నూలు జంబుఖానాలకు, 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిందని శాలువాలు కప్పుకున్నారు, మంచిదే. ఆ దర్రీలు నేసే గుంట మగ్గానికి నేలలో గుంత కావాలి. మూడో అంతస్తు ఫ్లాటులో గుంత ఎక్కడ తవ్వాలో ఆ గుర్తింపు పత్రంలో రాయలేదు.

1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు మూతపడి, ఆ జాగలో 'ఓ సిటీ' అనే పేరుతో కొత్త కాలనీ లేచింది. మిల్లు ఒక్క దెబ్బకు పోయింది కనుక అందరికీ కనబడింది. వాడ అట్లా పోదు, ఇల్లిల్లుగా పోతుంది. ముందు పోయేది మూల ఇల్లే. గల్లీలోపల ఎన్ని బిట్లు కొన్నా రోడ్డు వెడల్పు చాలకపోతే పెద్ద భవనానికి పర్మిషన్ రాదు. 18 మీటర్లు దాటిన కట్టడానికి ముందర కనీసం 12 మీటర్ల రోడ్డు ఉండాలి. అందుకే బ్రోకరు మొదట రోడ్డు మీది కార్నర్ బిట్‌కు బయానా ఇస్తాడు. అది చేతిలో పడ్డాక లోపలి ఇళ్లు వాటంతట అవే దిగివస్తాయి. కనుక వాడ నిలబడాలంటే అన్ని ఇళ్లూ కొననక్కరలేదు, గల్లీ మొదట్లో ఇటూ అటూ ఉన్న రెండు మూల ఇళ్లూ వాడవాళ్ల ఉమ్మడి పేరు మీద ఉంటే చాలు.

ఉమ్మడి పేరు అనంగనే పది మంది కూర్చొని తెల్ల కాగితం మీద 'ఎవరూ బయటివాళ్లకు అమ్మరాదు' అని రాసుకొని సంతకాలు పెడతారు. దాన్ని నమ్ముకోలేం. ఆస్తి బదిలీ చట్టం 10వ సెక్షన్ ప్రకారం, కొన్నవాడు అసలే అమ్ముకోవద్దని పెట్టే షరతు దానంతటదే రద్దు. అదే సెక్షన్‌లో లీజుకు మినహాయింపు ఉన్నది: జాగ యజమాని మేలు కోసం లీజులో పెట్టే షరతు నిలబడుతుంది. కిటుకంతా ఇక్కడే ఉన్నది. నేల సంఘం పేరు మీద ఉండాలి, దాని మీద ఇల్లు కుటుంబానిది కావాలి, నడుమ 99 ఏళ్ల లీజు ఉండాలి. ఏడాది దాటిన లీజు కనుక రిజిస్ట్రేషన్ తప్పదు, నోటరీ సరిపోదు. జీపీఏతో (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) పని కానిద్దామనే పెద్దమనుషులు, జీపీఏతో హక్కు మారదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పిన సంగతి తెలుసుకోవాలి. తెల్ల కాగితాల మీద జరిగిన అమ్మకాల, అదే సాదా బైనామాల లొల్లి ఇంకా తెమలలేదు, మళ్లీ అదే దారా?

సంఘం ఏ చట్టం కింద పెట్టాలన్నది రెండో తిరకాసు. కాలనీ సంఘాలు ఎక్కువగా 2001 సొసైటీల చట్టం కిందివే, ఏడుగురుంటే చాలు. బైలాస్‌లో, అంటే సంఘం నియమావళిలో, జాగ గురించి ముక్క రాసుకోరు. రేపు అధ్యక్షుడు, కార్యదర్శి కలిసి బిల్డరుతో డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ చేసుకొని వస్తే మిగతావాళ్లు కోర్టు చుట్టూ తిరగాలి. 1964 సహకార చట్టం కిందికి పోతే శాఖ పెత్తనం ఉంటుంది. చేనేత సంఘాలను ఎన్నికలు లేకుండా సర్కారు వేసిన పర్సన్ ఇన్‌చార్జిలతో ఏళ్లకేళ్లు ఎట్లా నడిపారో వరంగల్‌కు ఒకరు చెప్పాలా? నా లెక్కన 1995 పరస్పర సహాయ సహకార చట్టమే మేలు. వేర్వేరు కుటుంబాల నుంచి పది మంది కావాలి. సర్కారు వాటా ధనం ఉండదు కనుక సర్కారు పెత్తనమూ తక్కువ. కానీ బైలాస్‌లో తాళం వేసుకోవాలి: నేల అమ్మాలంటే నాలుగింట మూడొంతుల సభ్యులు, కనీసం ఆర్నెల్ల ఎడంతో రెండు సర్వసభ్య సమావేశాల్లో ఒప్పుకోవాలి. పాలకవర్గంలో మూడోవంతు ఆ జాగలో ఉండేవాళ్లు, మూడోవంతు చుట్టుపక్కల వాడవాళ్లు, మూడోవంతు వకీలు, పంతులు వంటి బయటి సభ్యులు ఉండాలి. అందరూ ఉండేవాళ్లే అయితే మంచి ధర రాంగనే అందరూ ఒక్కటై అమ్మేస్తారు. మనుషులే కదా.

లీజులో అమ్మకం లెక్క ముందే రాయాలి. అమెరికాలోని బర్లింగ్టన్‌లో 1984 నుంచి నడుస్తున్న, ఇట్లాగే నేలను ఉమ్మడిగా పట్టుకునే భూ ట్రస్టు పద్ధతిలో, పెరిగిన విలువలో పావు వంతు అమ్మేవాడిది, మిగతాది ఇంటి ధర తక్కువగా ఉండేందుకు వదలాలి. మన లెక్కలో చెప్తే, 12 లక్షలు పెట్టినవాడి ఇల్లు 40 లక్షలైతే పెరిగింది 28, అందులో పావు 7. వాడు 19 లక్షలతో పోతాడు, వచ్చేవాడు 19 లక్షలకే దిగుతాడు. కొత్తగా గది వేసుకుంటే దాని ఖర్చు తరుగు తీసి కలపాలి. అమ్మే ముందు 60 రోజులు సంఘానికి గడువివ్వాలి. బ్యాంకు లోను కోసం లీజు హక్కును తాకట్టు పెట్టుకోనివ్వాలి, వేలం వస్తే మొదటి అవకాశం సంఘానికే అని రాయాలి. ఈ ముక్క లేకపోతే ఏ మేనేజరూ లోను ఫైలు ముట్టడు.

ఆ బర్లింగ్టన్ ట్రస్టుకు మొదటి పైసలు ఇచ్చింది ఆ ఊరి మున్సిపాలిటీయే, మేయర్ బెర్నీ శాండర్స్. మన దగ్గర బొడ్రాయికి సున్నం వేయాలన్నా ఫ్లెక్సీ ముందు, పని తర్వాత. ఇంకో వింత, ఈ పద్ధతికి ఒక వేరు మన తెలంగాణలోనే ఉన్నది. 1951లో పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వినోబా భావేకు 100 ఎకరాలిస్తే భూదానం, దాని వెంట ఊరి భూమిని ఊరి ఉమ్మడిది చేసే గ్రామదానం పుట్టాయి. ఆ గ్రామదానం చూసి ప్రేరణ పొందినవాళ్లు 1969లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో మొదటి భూ ట్రస్టు పెట్టారు. అక్కడ మొలకెత్తింది, ఇక్కడ మాత్రం భూదాన భూములు కేసుల్లో నలుగుతున్నాయి.

పైసల సంగతి దాచను. మూలమీది 80 గజాల ఇల్లు గజానికి 50 వేల చొప్పున 40 లక్షలు అనుకుందాం. 60 ఇళ్లవాళ్లు నెలకు 2 వేలు కడితే ఏడాదికి 14 లక్షల 40 వేలు, అంటే మూడేళ్లకు దగ్గర. పైన స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి ఏడున్నర శాతం, లీజుకు మళ్లీ వేరే. బ్రోకరు మూడేళ్లు ఆగడు కనుక అమ్మకానికి బోర్డు పెట్టకముందే మొదలుపెట్టాలి. ఊరంతా చిట్టీలు వేసేవాళ్లకు ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. ఇంటి కింద షట్టర్లుంటే వాటి కిరాయి సంఘానికి రావాలి.

కొనే ముందు రిజిస్ట్రేషన్ ఆఫీసు నిషేధిత జాబితాలో ఆ జాగ ఉన్నదేమో చూడాలి, పాత లావాదేవీలు చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయాలి. కంప్యూటర్‌లో 1983 నుంచే వస్తుంది, అంతకుముందుది ఆఫీసులో చేత్తో వెతికించాలి. పాత ఇళ్లు తాత పేరు మీదే ఉండిపోతాయి. పెండ్లయిపోయిన ఆడబిడ్డల సంతకం లేకుండా కొంటే పదేళ్లకు దావా వచ్చిపడుతుంది. సర్కారు జాగలో ఇల్లు కట్టుకున్న పేదలకు క్రమబద్ధీకరించి ఇచ్చిన 58 జీవో పట్టా అయితే దానిమీద షరతులు చదవకుండా బయానా ఇవ్వొద్దు.

ఇవన్నీ చెప్పాల్సిన అధికారులు ఏం చేస్తున్నారు? నేల పట్టుకునే సంఘానికి నమూనా బైలాస్ ఏవని అడిగితే ఇంకో కౌంటర్ చూపిస్తారు. స్మార్ట్ సిటీ జాబితాలోకి 2016లో ఎక్కాం, 2025లో ఆ మిషనే ముగిసింది. డివైడర్ల మధ్య మొక్కలు నాటినవాళ్లకు వాడల్లో మనుషులు నిలవాలన్న ఆలోచన ఒక్క ఫైల్లోనూ రాలేదా?

ఈసారి గజం ధరల పట్టిక వేసినప్పుడు పక్కన ఇంకో గడి పెట్టండి: ఆ వాడలో గుంట మగ్గం పట్టే గది నెలకు ఎంత కిరాయికి దొరుకుతుందో. దొరికితేనే లెండి.

– ఒక పాఠకుడు, కొత్తవాడ, వరంగల్