తండ్రికీ సెలవు చట్టం కావాలి

సంపాదక మహాశయులకు,

నాలుగేళ్లుగా స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. చేరిన కొత్తలో ఒకరోజు మా మేనేజరు మీటింగ్ మధ్యలో ఫోన్ చూసుకుని, "డేకేర్ నుంచి ఫోన్, పాపకు జ్వరమట, వెళ్తున్నా" అని లేచి కోటు తగిలించుకున్నాడు. ఎవరూ మొహం చిట్లించలేదు. "ఇంట్లో వాళ్లమ్మ లేదా?" అని అడగలేదు. జబ్బుపడ్డ బిడ్డను చూసుకోవడానికి ఇలా పని మానేసి ఇంటికి వెళ్లడాన్ని ఇక్కడ 'వాబ్' అంటారు. ఆ రోజులకు జీతంలో దాదాపు 80 శాతం, ఒక పరిమితి వరకు, ప్రభుత్వ సామాజిక బీమా సంస్థ ఇస్తుంది. పిల్లలకు జలుబులు, జ్వరాలు ఎక్కువగా వచ్చే ఫిబ్రవరికి 'వాబ్రువరి' అని పేరే పడిపోయింది.

బిడ్డ పుడితే తల్లిదండ్రులిద్దరికీ కలిపి 480 రోజుల భత్యంతో సెలవు. 1974లోనే తండ్రులకూ ఈ హక్కు ఇచ్చారు కానీ, చాలామంది వాడుకోలేదు. 1995లో ఒక నెల తండ్రికే కేటాయించి, వాడకపోతే పోతుందన్నాకే కదిలారు. ఇప్పుడు ఒక్కొక్కరికీ 90 రోజులు అలా విడిగా ఉన్నాయి. నాకు నచ్చింది ఇదే. మంచి మాటలతో సరిపెట్టకుండా నిబంధన మార్చారు.

మన దగ్గర ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో తల్లులకు 26 వారాలు వచ్చాయి, సంతోషం. కేంద్ర ప్రభుత్వంలో పనిచేసే తండ్రులకు 15 రోజులున్నాయి. ప్రైవేటు ఉద్యోగికి మాత్రం యజమాని దయ. మా బాబు హైదరాబాద్‌లో పుట్టాడు. ఆపరేషన్ అయిన నా భార్య మంచం మీద నుంచి లేవలేకపోతుంటే, నాలుగో రోజే నేను లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని ఆఫీసుకు వెళ్లాను. ఆ బాధ ఇంకా పోలేదు. ప్రైవేటు ఉద్యోగులకు కనీసం నెల రోజుల పితృత్వ సెలవు కోసం మన ఎంపీలు పార్లమెంటులో గట్టిగా అడగాలి.

– ఒక తెలుగు ఉద్యోగి, గోథెన్‌బర్గ్